రెండు డిస్కులు, ఒకే ‘స్పార్టకస్’

మా టీవీ కింది అరలో, రోమ్ మీద తిరగబడిన బానిసల కథ ‘స్పార్టకస్’ సినిమా బ్లూరే డిస్కులు రెండు పక్కపక్కనే ఉంటాయి. ఒకటి 2010లో విడుదలైనది, మరొకటి 2015లో విడుదలైనది. ఒకే సినిమాకు రెండుసార్లు డబ్బు తగలేసినందుకు ఇంట్లో పడవలసిన మాటలన్నీ ఎప్పుడో పడ్డాను. మొన్న ఆదివారం మా బావ భోజనానికి వచ్చినప్పుడు ఆ రెంటికీ ఉన్న తేడా చూపించి పోయిన పరువు కొంతైనా రాబట్టుకుందామనుకున్నాను. సెనేట్ సభలో గ్రాకస్ వేషంలో చార్లెస్ లాటన్ మాట్లాడే దృశ్యాన్ని ముందు పాత డిస్కులోనూ, వెంటనే కొత్త డిస్కులోనూ వేశాను. బావ రెండూ శ్రద్ధగా చూసి, ‘‘మొదటిదే బాగుంది బావా, నున్నగా ఉంది. రెండోదానిలో మొహాల మీద ఇసుక చల్లినట్టుందేమిటి?’’ అన్నాడు.

నాకు కోపం రాలేదు. 2010 డిస్కును తయారుచేసినవారు సరిగ్గా మా బావ వంటి ప్రేక్షకుణ్ణే మనసులో పెట్టుకుని ఆ పని చేశారు. కొత్తగా కొన్న పెద్ద టీవీలో అరవై ఏళ్లనాటి సినిమా కూడా నిన్న తీసిన వాణిజ్య ప్రకటనలా మెరవాలని కోరుకునేవారికి ఫిల్ము రేణువు ఒక మురికిలాగే కనిపిస్తుంది. పాత చారిత్రక చిత్రాల డిస్కుల విషయంలో జరిగిన అనర్థాలలో చాలా భాగం ఈ ఒక్క పొరపాటు నుంచే పుట్టిందని నేను అనుకుంటున్నాను.

బావ చెప్పిన ఆ ఇసుకనే సినిమావాళ్లు గ్రెయిన్ అంటారు. ఫిల్ము మీద వెలుగును పట్టుకునేవి వెండి లవణాల రేణువులు. రంగుల ఫిల్మును డెవలప్ చేసే క్రమంలో వెండిని తీసివేసిన తరువాత, ఆ రేణువులు ఉన్నచోట సన్నని రంగు మచ్చలు మిగులుతాయి. ఈ మచ్చల అమరిక ఏ రెండు ఫ్రేములలోనూ ఒక్కలా ఉండదు కనుక, సెకనుకు 24 ఫ్రేములు కదిలేటప్పుడు తెర మీద సన్నగా ఏదో మిణుకుమిణుకుమంటున్నట్టు తోస్తుంది. దుమ్ము, గీతలు బొమ్మ మీదికి తరువాత వచ్చి చేరినవి. రేణువులు అలా వచ్చినవి కావు, బొమ్మ ఏర్పడిందే వాటితో. పిండిని ఊడ్చేసి ముగ్గును మాత్రం ఉంచమంటే ఎలా కుదరదో, రేణువులను తుడిచేసి బొమ్మను మాత్రం ఉంచమన్నా అలాగే కుదరదు.

అయినా ఊడ్చే యంత్రాలు ఉన్నాయి. డిజిటల్ నాయిస్ రిడక్షన్ అనే పద్ధతిలో కంప్యూటరు ఒక ఫ్రేమును దాని ముందు వెనుకల ఫ్రేములతో పోల్చి, ఒక్క ఫ్రేములో కనిపించి మరుసటి దానిలో మాయమయ్యేదంతా అక్కరలేనిదని తీర్మానిస్తుంది. మితంగా వాడితే అది పనికివచ్చే సాధనమే. మోతాదు మించితే రేణువుతోపాటు చర్మం మీది రంధ్రాలు, చెంపల మీది ముడతలు, ముతక గుడ్డ నేత, దూరపు కొండ మీది గడ్డి, గాలిలో లేచిన ధూళి అన్నీ కొట్టుకుపోతాయి. నటుల ముఖాలు మైనం పూసినట్టు తయారవుతాయి. అలా మొద్దుబారిన బొమ్మకు మళ్లీ పదును తెద్దామని కృత్రిమంగా అంచులు దిద్దుతారు. అప్పుడు మనుషుల చుట్టూ, కొండల చుట్టూ సన్నని తెల్లటి గీత తేలుతుంది. 2010 నాటి ‘స్పార్టకస్’ డిస్కులో జరిగింది ఈ రెండూను. అంతకుముందే తయారై ఉన్న పాత మాస్టరును, అంటే డిస్కులకు మూలంగా వాడే ప్రతిని, తీసుకుని, యాభయ్యేళ్ల పండుగ పేరుతో దాన్ని నున్నగా చేసి అట్టపెట్టెలో పెట్టారు. సినిమా పునరుద్ధరణ తెలిసినవారందరూ అప్పట్లో దానిని తూర్పారబట్టారు.

ఈ సినిమా విషయంలో అది మరింత బాధ కలిగించడానికి కారణం, దాని మూల నెగటివులో, అంటే కెమెరాలో నడిచిన అసలు ఫిల్ములో, ఉన్న సంపద. స్టాన్లీ కుబ్రిక్ దర్శకత్వంలో 1960లో వచ్చిన ఈ చిత్రాన్ని సూపర్ టెక్నిరామా 70 అనే పద్ధతిలో తీశారు. మామూలుగా 35 మిల్లీమీటర్ల ఫిల్ము కెమెరాలో నిలువుగా నడుస్తుంది, ఒక్కొక్క ఫ్రేముకు ఫిల్ము అంచున ఉండే రంధ్రాల లెక్కలో నాలుగు రంధ్రాల ఎత్తు దక్కుతుంది. టెక్నిరామాలో అదే ఫిల్మును అడ్డంగా నడిపి, ఒక్కొక్క ఫ్రేముకు ఎనిమిది రంధ్రాల వెడల్పును ఇచ్చారు. పైగా కటకంతో బొమ్మను కొంత పక్కలకు నొక్కి చిత్రించి, ప్రింటు తీసేటప్పుడు మళ్లీ విప్పి 70 మిల్లీమీటర్ల ఫిల్ము మీదికి ఎక్కించారు. అంటే సాధారణ ఫ్రేముకు రెండు రెట్లకు పైగా వైశాల్యంలో వివరం నమోదైంది. ఛాయాగ్రాహకుడు రసెల్ మెట్టీకి కుబ్రిక్‌తో క్షణం పడలేదని, వెలుగునీడలన్నీ దర్శకుడే చెప్పి చేయించాడని అంటారు. ఆ ఏటి రంగుల ఛాయాగ్రహణం ఆస్కార్ మాత్రం మెట్టీకే దక్కింది.

ఇంతటి నెగటివు కూడా ముప్పయ్యేళ్లు తిరిగేసరికి ముద్రణకు పనికిరాకుండా పోయింది. ఈస్ట్‌మన్ రంగుల ఫిల్ములో రంగులు మూడు పొరలుగా ఉంటాయి, ఆ మూడూ ఒకే వేగంతో వెలిసిపోవు. మన ఊళ్లలో డేరా టాకీసుల దగ్గర పాత సినిమా చూసినవారికి ప్రింటు మొత్తం ఎర్రబడిపోయి, ఆకుపచ్చని పొలాలు కూడా ఇటుక రంగులో కనిపించడం గుర్తుండే ఉంటుంది. అది ప్రింటుకు పట్టే జబ్బు. నెగటివుకు వచ్చే జబ్బు వేరు. అందులో నీలం వివరాన్ని మోసే పసుపు పొర ముందుగా వెలిసిపోతుంది, అప్పుడు నల్లని నీడలు నీలంగా తిరుగుతాయి. ‘స్పార్టకస్’ నెగటివుకు సరిగ్గా ఇదే పట్టింది. దానికి తోడు 1967లో మళ్లీ విడుదల చేసినప్పుడు సినిమాలో సుమారు 23 నిమిషాలు కోసేశారు.

1991లో పునరుద్ధరణ నిపుణులు రాబర్ట్ ఎ. హారిస్, జేమ్స్ సి. కాట్జ్ దానిని ఒక రూపానికి తెచ్చారు. వారిని ఆదుకున్నవి నలుపు తెలుపు ఫిల్ములు. సినిమా తీసిన రోజులలోనే ముందుజాగ్రత్తగా ఒక్కొక్క రంగు వివరాన్ని విడివిడిగా మూడు నలుపు తెలుపు ఫిల్ములపై తీసి దాచారు. వెండితో ఏర్పడిన బొమ్మ రంగులా వెలిసిపోదు కనుక, ఆ మూడింటినీ మళ్లీ ఒకదానిపై ఒకటి కలిపి ముద్రిస్తే పోయిన రంగులు తిరిగి వస్తాయి. చెప్పినంత తేలిక కాదు: మూడు ఫిల్ములూ ఇన్నేళ్లలో మూడు రకాలుగా కుంచించుకుపోతే, వెంట్రుకవాసి తేడాకే మనుషుల అంచులలో రంగులు విడిపోయి కనిపిస్తాయి. కంప్యూటర్లు ఇంకా చేతికి రాని రోజులలో, రసాయనాలతో, కటకాలతో ఆ పని చేసి 197 నిమిషాల చిత్రాన్ని నిలబెట్టారు. 1960లో హాలీవుడ్ నైతిక నియమావళి పెద్దల అభ్యంతరం వల్ల తీసేసిన స్నానాల గది దృశ్యం కూడా దొరికింది కానీ దాని శబ్దం దొరకలేదు. ఆ దృశ్యంలో నటించిన ఇద్దరిలో టోనీ కర్టిస్ తన మాటలు తానే మళ్లీ చెప్పాడు. లారెన్స్ ఒలివియే 1989లోనే కన్నుమూశాడు కనుక, ఆయన గొంతును అనుకరించగల ఆంథోనీ హాప్కిన్స్ ఆ సంభాషణ చెప్పాడు. తెలియనివారు ఎంత చెవులు రిక్కించి విన్నా ఆ తేడాను పట్టుకోలేరు.

2015 డిస్కు కోసం 1991లో పక్కన పెట్టిన ఆ మూల నెగటివునే మళ్లీ బయటికి తీశారు. దానిని 6కె సాంద్రతతో, అంటే అడ్డంగా సుమారు ఆరు వేల చుక్కలతో, స్కాన్ చేసి, వెలిసిన పసుపును డిజిటల్ పద్ధతిలో రాబట్టి, 4కె రూపంలో పునరుద్ధరించారు. ఈసారీ హారిస్ పర్యవేక్షణ ఉంది. గీతలు, మచ్చలు, దుమ్ము ఒక్కొక్కటిగా తీసేశారు, రేణువును మాత్రం ముట్టుకోలేదు. 2020లో ఇదే పని 4కె డిస్కుగా కూడా వచ్చింది. అంటే రసాయన శాస్త్రం చేతులెత్తేసిన చోట గణితం పని పూర్తిచేసింది. కంప్యూటరును నేను తిట్టడం లేదని దీనివల్ల తెలుస్తుందనుకుంటాను. అదే యంత్రం 2010లో చర్మం ఒలిచింది, 2015లో దుమ్ము దులిపింది.

మా బావకు నేను ఈ చరిత్ర అంతా చెప్పలేదు. యుద్ధ దృశ్యం వేశాను. స్పార్టకస్ సేన ఒక కొండ వాలు మీద నిలబడి చూస్తుండగా, ఎదుటి మైదానంలో రోమన్ దళాలు చదరంగం గళ్లలా బారులు తీరి, తొందర లేకుండా, ఒక యంత్రం కదిలినట్టు కదులుతూ వస్తాయి. స్పెయిన్‌లో వేలాది నిజమైన సైనికులను నిలబెట్టి తీసిన దృశ్యమది. దాని భయమంతా దూరంలో ఉంది: అంత దూరాన చీమలంతగా ఉన్నా, ఒక్కొక్క చీమా ఒక మనిషేనని మన కన్ను గుర్తించినప్పుడే గుండె జారుతుంది. పాత డిస్కులో ఆ గళ్లు గోధుమ రంగు గచ్చు పలకల్లా ఉన్నాయి, మనుషులు లేరు. కొత్త డిస్కులో డాళ్లు వేరు, ఈటెలు వేరు, ఈటెలకూ శిరస్త్రాణాలకూ నడుమ వెలుగు వేరు. బావ కుర్చీలో కొంచెం ముందుకు జరిగాడు. నేను మాట్లాడకుండా ఊరుకున్నాను.

ఇదే దూరం కథ ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’లో మరింత తీవ్రంగా ఉంటుంది. ఎడారి బావి దగ్గర ఇద్దరు నిలబడి ఉండగా, దిగంతంలో ఎండమావి నడుమ ఒక నల్లని చుక్క పుట్టి, వణుకుతూ, సాగుతూ, చాలాసేపటికి ఒంటె మీది మనిషిగా మారుతుంది. దర్శకుడు డేవిడ్ లీన్, ఛాయాగ్రాహకుడు ఫ్రెడ్డీ యంగ్ కలిసి 65 మిల్లీమీటర్ల ఫిల్ముపై, ఆ దృశ్యం కోసమే తెప్పించిన పొడవాటి కటకంతో దాన్ని తీశారు. నేను మొదటిసారి ఈ సినిమాను వీసీడీలో చూశాను. వీసీడీలో ఒక ఫ్రేముకు 352 అడ్డం, 288 నిలువు, అంటే లక్షకు కాస్త పైగా చుక్కలు మాత్రమే ఉంటాయి. 4కె డిస్కులో అవి దాదాపు 83 లక్షలు. ఆనాడు నాకు ఆ నల్లని చుక్క కనిపించనే లేదు. ఇద్దరు మనుషులు ఖాళీ ఆకాశం వైపు ఎందుకంతసేపు చూస్తున్నారో అర్థంకాక, డిస్కు ఎక్కడో ఆగిపోయిందనుకుని తుడిచి మళ్లీ పెట్టాను.

ఈ చిత్రానికి కూడా 1989లో హారిస్ చేతనే మొదటి చికిత్స జరిగింది. లీన్ స్వయంగా, ఎడిటర్ ఆన్ వి. కోట్స్‌తో కలిసి, కోతపడిన భాగాలను తిరిగి చేర్చాడు. తరువాత మూల నెగటివును 8కె సాంద్రతతో స్కాన్ చేసి 2012లో 4కె పునరుద్ధరణను పూర్తిచేశారు. అప్పుడు బయటపడిన ఒక సంగతి నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగా ఉంటుంది. ఎడారి వేడికి కెమెరాలోని ఫిల్ము పూత ఎండి, సన్నని నిలువు బీటలు వారింది. వేసవిలో ఎండిన చెరువు నేలలా అన్నమాట. మామూలు ప్రింటులో కంటికి ఆనని ఆ బీటలు 8కెలో స్పష్టంగా తేలాయి. వాటిని చెరపడానికి ప్రత్యేకంగా సాఫ్ట్‌వేర్ రాయవలసివచ్చింది, ఎందుకంటే ఆ బీటల పక్కనే ఉన్న ఇసుక రేణువులను చెరపకూడదు. ఇసుక ఎడారిలో ఏది ఇసుక, ఏది గ్రెయిన్, ఏది బీట అని మూడింటినీ విడదీయడం కంటే కష్టమైన పరీక్ష ఏ సాఫ్ట్‌వేర్‌కైనా ఉంటుందనుకోను.

వెడల్పు సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే బావ రెండో ఫిర్యాదు దాని మీదే: ‘‘పైనా కిందా నల్ల పట్టీలు ఎందుకు? టీవీ డబ్బులు మొత్తం ఇచ్చాం కదా!’’ దీనికి అన్నింటికంటే పెద్ద ఉదాహరణ 1959 నాటి ‘బెన్‌హర్’. దాని బొమ్మ ఎత్తు ఒకటి అయితే వెడల్పు 2.76. ఇప్పటి 55 అంగుళాల టీవీ సుమారు 122 సెంటీమీటర్ల వెడల్పు, 68 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. అందులో ‘బెన్‌హర్’ బొమ్మకు దక్కే ఎత్తు 44 సెంటీమీటర్లే. పట్టీలు పోవాలంటే పక్కలు కోయాలి. ఎత్తు మూడైతే వెడల్పు నాలుగుండే పాత టీవీ తెర నిండా వేసిన రోజులలో సగానికి పైగా బొమ్మ అలా పోయేది. రథాల పందెంలో తొమ్మిది రథాలకు బదులు ఎప్పుడూ మూడో నాలుగో కనిపించేవి, మిగిలినవి కథలోంచే వెళ్లిపోయినట్టుండేది. నల్ల పట్టీలు పోగొట్టిన బొమ్మ కాదు, కాపాడిన బొమ్మ అని బావకు చెప్పాను. ఆయన ఒప్పుకోలేదు. వచ్చే జీతం పెంపుతో ఇంకా పెద్ద టీవీ కొంటానన్నాడు.

ఈ వెడల్పు బాధ మనకూ తెలియనిది కాదు. తెలుగులో మొదటి సినిమాస్కోప్ చిత్రమైన 1974 నాటి ‘అల్లూరి సీతారామరాజు’ మన్యం కొండలను తెర రెండు చివరల దాకా పరిచిన చారిత్రక చిత్రం. ఛాయాగ్రాహకుడు వి.ఎస్.ఆర్. స్వామి. అలాంటి స్కోప్ బొమ్మను పాత టీవీ తెర నిండా వేస్తే నూటికి 43 వంతులు పోతుంది. ఒక్కోసారి కోయడానికి బదులు మొత్తాన్ని నొక్కి వేసేవారు, అప్పుడు మనుషులందరూ వెదురు బొంగుల్లా సన్నగా, పొడుగ్గా కనిపించేవారు. చిన్నప్పుడు నేను స్కోప్ సినిమాలలో అందరూ అలాగే ఉంటారనుకునేవాణ్ణి.

మనవాళ్లకు పునరుద్ధరణ అనగానే గుర్తొచ్చేది రంగులు వేయడం. చారిత్రకం కాదు, పౌరాణికమే అయినా ‘మాయాబజార్’ పేరు ఇక్కడ తప్పించుకోలేను. 1957 నాటి ఆ నలుపు తెలుపు చిత్రాన్ని హైదరాబాదులోని గోల్డ్‌స్టోన్ సంస్థ రంగుల్లోకి మార్చి, వెడల్పు తెరకు అనువుగా చేసి, 2010 జనవరిలో విడుదల చేసింది. నేనూ వెళ్లాను, ఆనందించాను, ఆ చిత్రాన్ని ఒక కొత్త తరం థియేటరులో చూసిందంటే దాని పుణ్యమే. కానీ ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే ఆ పడవ ప్రయాణంలో పట్టుకున్న వెన్నెల, తెలుపుకూ నలుపుకూ మధ్య ఉన్న బూడిద రంగు మెట్ల మీద నడిచేది. దానికి నీలం పూస్తే వెన్నెల కనిపిస్తుంది కానీ చల్లగా తగలదు. రంగుల ప్రతి ఒకటి ఉండనీయండి. దాని పక్కన, అదే డిస్కు పెట్టెలో, రంగు తాకని నలుపు తెలుపు ప్రతి పూర్తి ఎత్తుతో, రేణువుతో ఉండాలని నా కోరిక.

ఇంటికి మంచి డిస్కు తెచ్చుకున్నా పని పూర్తికాదు. టీవీ దుకాణంలోంచి వచ్చినప్పుడే దానిలో షార్ప్‌నెస్, నాయిస్ రిడక్షన్, కదలికలను నున్నగా చేసే సౌకర్యం తెరిచి ఉంటాయి. 2015 డిస్కును కూడా అవి క్షణాల్లో 2010 డిస్కుగా మార్చేస్తాయి. వాటిని కట్టేయాలి, లేదా వాటన్నింటినీ ఒక్కసారే ఆపే ఫిల్మ్‌మేకర్ మోడ్ ఉంటే అది పెట్టుకోవాలి. ఇంటర్నెట్టులో వచ్చే 4కె ప్రసారం సౌకర్యమే కానీ, రేణువు ప్రతి ఫ్రేములో మారిపోతూ ఉంటుంది కనుక దానిని కుదించడం చాలా కష్టం. 4కె డిస్కు సెకనుకు 128 మెగాబిట్ల వరకు పంపగలదు, ప్రసారానికి దక్కేది అందులో చిన్న భాగం. డేటా చాలనప్పుడు మొదట బలయ్యేది రేణువే. ఇంకొక మాట: విదేశాలనుంచి ఎవరిచేతనైనా బ్లూరేలు తెప్పించుకునేవారు, డిస్కు ఏ ప్రాంతపు ప్లేయరులో ఆడుతుందో చెప్పే ప్రాంత సంకేతం చూసుకోవాలి. అమెరికాది ఎ, ఇంగ్లండుది బి, మనది సి. 4కె డిస్కులకు ఈ గొడవ లేదు.

డిస్కు పెట్టగానే కొన్ని నిమిషాలు చీకటి తెర మీద సంగీతం మాత్రమే వినిపిస్తే కంగారుపడి రిమోటు నొక్కవద్దు. అది ప్రారంభ సంగీతం. ఆనాడు ప్రేక్షకులు సీట్లలో సర్దుకునే సమయం. ‘లారెన్స్’లో అది నాలుగు నిమిషాలకు పైగా ఉంటుంది, మా ఇంట్లో ఆ సమయానికి టీ వస్తుంది.

బావ యుద్ధ దృశ్యాన్ని రెండోసారి వేయమన్నాడు, మూడోసారి తనే రిమోటు తీసుకుని వేసుకున్నాడు. కొండ మీద స్త్రీలు, పిల్లలు ఉన్నారని, ఒకామె చంకలో బిడ్డ ఉందని, అది తాను ఇంతకుముందు ఎప్పుడూ చూడలేదని అన్నాడు. సాయంత్రం వెళ్లేటప్పుడు ఒక డిస్కు అడిగి తీసుకువెళ్లాడు. అరలో చూసుకుంటే 2010 నాటిది మిగిలింది.